బురద పందానికి ఇస్త్రీ చొక్కా

పేటలో అతన్ని కత్తిమడతాయన అంటారు. ఆ పేరు విని ఎవరో కత్తులు నూరే మనిషి కాబోలని బెదరనక్కర్లేదు. అతనిది బట్టలుతికి ఇస్త్రీ చేసే లాండ్రీ కొట్టు. అతను ఇస్త్రీ చేసిన ప్యాంటు మడత మీద వేలు పెడితే తెగుతుందని ఎప్పుడో ఎవరో వేళాకోళానికి అన్నారు. అన్నవాడు ఆ సాయంత్రానికే మరిచిపోయాడు. ఇతను మాత్రం దాన్ని బిరుదులా పుచ్చుకుని ఇన్నేళ్ళుగా భుజాన మోస్తున్నాడు.

కొట్టు సందు మలుపులో ఉంటుంది. ముందు అద్దం తలుపు, లోపల నడుమెత్తు బల్ల, బల్ల మీద బుసకొట్టే ఆవిరి ఇస్త్రీపెట్టె, వెనక కడ్డీకి వేలాడుతూ ఊళ్ళోవాళ్ళ పరువు మర్యాదలు. అవును, పరువు మర్యాదలే. రేపు పొద్దున ఎవరు ఎంత పెద్దమనిషిలా కనబడాలో ముందురోజు సాయంత్రం తేలేది అక్కడే. ఈ సంగతి కత్తిమడతాయనకు బాగా తెలుసు. తెలుసన్న సంగతి అతని ముఖం చూసినవాళ్ళకూ తెలుస్తుంది.

లోకంలో అతనికి పగ అంటూ ఉంటే ఒక్క బురద మీదే. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అని రోజుకు ఒక్కసారైనా అంటాడు. అదీ ఎవరితో? మోకాళ్ళదాకా మట్టికొట్టుకుపోయిన ప్యాంటు పట్టుకుని కొట్టుకొచ్చినవాడితో. లోకమంతా ఆ సామెత విని బుద్ధిగా నడుచుకుంటే తన పొయ్యిలో పిల్లి లేవదన్న సంగతి మాత్రం అతనికి ఎన్నడూ తట్టలేదు.

ఇంకో విశేషం కూడా ఉంది. అతను మనుషుల్ని ముఖాలతో పోల్చుకోడు, బట్టలతో పోల్చుకుంటాడు. బ్యాంకు మేనేజరు అతని లెక్కలో మేనేజరు కాదు, "ఎడమజేబు సిరా". పక్కవీధి లెక్కల టీచరు "అరిగిన కాలరు". ఎంత పాత స్నేహితుడైనా సరే, కొత్త చొక్కా తొడుక్కుని ఎదురైతే ఆ చొక్కా ఒకసారి తన బల్ల మీదికి వచ్చిందాకా పరాయివాడే. ఒకసారి సొంత కూతురు స్నేహితురాలి గౌను వేసుకుని కొట్టులోకి వస్తే, తలెత్తి చూసి, "టోకెన్ తెచ్చావా అమ్మా?" అన్నాడు. ఇంట్లో అది చెప్పుకుని చాలారోజులు నవ్వారు. భార్య కూడా నవ్వింది. అందరికన్నా ముందు నవ్వు ఆపింది కూడా ఆవిడే.

భార్య నర్సు. పేటవాళ్ళు నర్సమ్మ అంటారు. పెద్దాసుపత్రిలో మగవాళ్ళ వార్డు చూసుకుంటుంది. సాయంత్రం డ్యూటీ దిగి, బస్సు దిగి, ఇద్దరం కలిసి ఇంటికి పోదామని నేరుగా కొట్టు దగ్గరికి వస్తుంది. ఆవిరి వేడికి తలనొప్పి వస్తుందని లోపలికి అడుగుపెట్టదు. ఎదురుగా కరెంటు స్తంభం పక్కన నిలబడుతుంది. కుడిచెయ్యి వీపు వెనకనుంచి పోనిచ్చి ఎడమ మోచెయ్యి పట్టుకుని, ఒక కాలి మీద బరువేసి, ముఖం రోడ్డువైపు తిప్పుకుంటుంది. ముఖం అటెందుకంటే, కొట్టువైపు చూస్తే మొగుణ్ణి తొందరపెట్టినట్టు ఉంటుందని. "ఇదిగో, ఈ ఒక్క చొక్కా!" అని అతను లోపల్నుంచి కేకేస్తాడు. ఆ ఒక్క చొక్కాకు అన్నదమ్ములు చాలామంది ఉంటారు.

అతను సమయానికి హాజరైన ముచ్చటంటూ ఆ ఇంట్లో ఒక్కటీ లేదు. కూతురి బడి వార్షికోత్సవానికి చేరేసరికి వేదిక ఊడదీస్తున్నారు. కూతురు ఎలా పాడిందని అడగలేదు సరికదా, వేదిక మీది తెరను అడ్డదిడ్డంగా చుట్టేస్తున్నారని పోట్లాడి, దగ్గరుండి మడతలు పెట్టించి వచ్చాడు. మరదలి పెళ్ళిలో పెళ్ళికొడుకు కోటు వెనక ముడత చూసి ఉండబట్టలేక, విప్పించి పక్కగదిలోకి పట్టుకుపోయాడు. అందుకే ఆ పెళ్ళి ఫొటోల్లో పెళ్ళికొడుక్కి కోటూ లేదు, పక్కన కత్తిమడతాయనా లేడు. ఆసుపత్రివాళ్ళు ఉత్తమ నర్సని భార్యను సన్మానించిన రోజున, హాలుకు తాళం వేస్తున్న కాపలా మనిషిని అడిగి కార్యక్రమం ఎలా జరిగిందో తెలుసుకున్నాడు. బాగానే జరిగిందట.

అలాంటి ఇంట్లో ఒక సాయంత్రం, భోజనాల దగ్గర, నర్సమ్మ చల్లగా ఒక కబురు చెప్పింది.

"ఆదివారం మా ఆసుపత్రివాళ్ళం బురద పందానికి పోతున్నామండీ."

"బురదలో పందెమేమిటి?"

"పరుగెత్తాలి. గోడలెక్కాలి. వల కింద పాకాలి. చివర్న గుంటలో పడి లేవాలి."

"వెనకాల ఎవరైనా తరుముతారా?"

"ఎవరూ తరమరు."

"మరెందుకు?"

"సరదాకి."

కత్తిమడతాయన నోటిదాకా వచ్చిన ముద్దను మళ్ళీ పళ్ళెంలో పెట్టాడు. డబ్బు కట్టి, పేరు రాయించుకుని, వరసలో నిలబడి మరీ బురదలో దొర్లుతారట! పందులకు పుట్టుకతో వచ్చే భాగ్యాన్ని చదువుకున్నవాళ్ళు కష్టపడి సంపాదించుకుంటున్నారన్నమాట. అడుసు తొక్కనేల అనబోయాడు. ఆవిడ అప్పటికే చెయ్యెత్తి ఆపింది.

"ఆ సామెత నాకు తెలుసు లెండి. మీరు తొక్కనక్కర్లేదు. చివర్న నిలబడండి చాలు. నేను బయటికొచ్చేసరికి మీరు అక్కడుండాలి."

"ఆదివారం పొద్దున హోటలు దుప్పట్లు..."

నర్సమ్మకు కోపం రాలేదు. వస్తే బాగుండేది. కోపమైతే రెండురోజుల్లో దిగుతుంది.

"ఈ ఒక్కసారి రండి," అంది. "రాకపోతే ఇంక దేనికీ పిలవను. కోపంతో అనడంలేదు. పిలిచి పిలిచి నాకే విసుగొచ్చింది, అంతే."

ఆ గొంతు అతనికి తెలుసు. ఇంక చేసేదేమీ లేదని రోగి తాలూకు మనుషులకు ఫోన్లో చెప్పేటప్పుడు ఆవిడ వాడే గొంతు అది. మెత్తగా ఉంటుంది, తిరుగుండదు. కత్తిమడతాయనకు భయం వేసింది. పిలుపులకు ఎగ్గొట్టడం అతనికి అలవాటే గానీ, పిలుపే లేని ఇంట్లో ఉండటం ఎలాగో అతనికి తెలియదు.

పందెంలో జట్టుకు నలుగురు. నర్సమ్మ కాక మిగిలిన ముగ్గురిలో ఒకడు అంబులెన్సు డ్రైవరు. రోజంతా సైరనుతో పోటీపడటం వల్ల ఆ మనిషి గుసగుస కూడా వీధి చివరిదాకా పోతుంది. రెండో ఆవిడ ఆసుపత్రి వంటావిడ. ఉప్పూ కారం లేకుండా వండీ వండీ ఆవిడలో పేరుకున్న కసి చాలా ఉంది, అదంతా గోడల మీదా తాళ్ళ మీదా తీర్చుకుందామని వస్తోంది. మూడోది రక్తం తీసే పిల్ల. మనిషి సన్నగా ఉంటుంది, పనీ అదే, కాబట్టి పేరు సూది.

జట్టుకని పసుప్పచ్చ టీషర్టులు కుట్టించారు. నర్సమ్మ వాటిని తెచ్చి కుర్చీలో పడేసింది. నలిగిన టీషర్టులు నాలుగు ఇంట్లో పడి ఉండగా కత్తిమడతాయన కంటికి కునుకు వస్తుందా? తెల్లారగానే చంకన పెట్టుకుని కొట్టుకు పోయాడు. ఈసారి ఏ పొరపాటూ జరగకూడదు. అంత గుంపులో భార్యను దూరం నుంచే పోల్చుకోవాలి. దానికి అతనికి తెలిసిన ఉపాయం ఒక్కటే. నాలుగింటికీ చిక్కగా గంజి పెట్టి, ఎండబెట్టి, పొట్టి చేతుల మీద ఒక్కో మడత తీర్చి ఇస్త్రీ చేశాడు. టీషర్టుకు గంజి పెట్టిన మహానుభావుడు లోకంలో అంతకుముందు ఉన్నాడో లేదో తెలియదు. బురదలో పాకబోయే టీషర్టుకైతే కచ్చితంగా ఉండి ఉండడు. కానీ అతను ఆ పని ఎంతో ప్రేమగా చేశాడు, అది మాత్రం చెప్పుకోవాలి.

ఆదివారం ఒక వింత జరిగింది. కత్తిమడతాయన అందరికన్నా ముందు వచ్చాడు. హోటలు దుప్పట్లు గంపలో అలాగే వదిలేసి, కొట్టుకు తాళం వేసి, ఊరి చివర మైదానానికి చేరేసరికి అక్కడ ఇంకా తాళ్ళు కడుతున్నారు. బురద పందానికి కదా అని ఏ పాత బట్టలో వేసుకొస్తే అతను కత్తిమడతాయన ఎందుకవుతాడు? తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, రెండింటి మీదా చెయ్యి తెగే మడతలు. భుజాన పెద్ద సంచి, సంచి నిండా తెల్లటి తువ్వాళ్ళు. తాళ్ళు కట్టేవాళ్ళు ఎవరో పెద్ద అధికారి అనుకుని నమస్కారం పెట్టారు. అతను కాదనలేదు.

జట్టువాళ్ళు టీషర్టులు తొడుక్కున్నారు. తొడుక్కున్నారనడం కన్నా వాటిలోకి దూరారంటే బాగుంటుంది. అంబులెన్సు డ్రైవరుకు చేతులు కిందికి దిగలేదు.

"బావగారూ, చొక్కా వేసుకున్నానా, తలుపు వేసుకున్నానా?"

"నాకు ఊపిరి ఆడుతోంది గానీ చొక్కా కదలట్లేదు అన్నయ్యగారూ," అంది వంటావిడ.

సూది తన చొక్కా లోపల ఎక్కడో ఉంది. నర్సమ్మ మాత్రం చేతి మీది మడతను వేలితో తడిమి చూసుకుంది.

"ఎందుకిది?"

"నిన్ను దూరం నుంచి పోల్చుకోడానికి."

ఆవిడ అతని వంక కాసేపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, నవ్వు కూడా పూర్తిగా లేదు.

"సరే. చివర్న ఉండండి," అని వెళ్ళిపోయింది.

మొదటి అడ్డంకే నీళ్ళగుంట. గంజి సంగతి ఎవరికి తెలియదు? ఎండితే అట్ట, తడిస్తే జిగురు. కత్తిమడతాయనకు తెలియదా అంటే, అతనికి తెలిసినంతగా ఆ మైదానంలో ఇంకెవరికీ తెలియదు. కానీ అతని బుర్రలో బట్ట ప్రయాణం ఎప్పుడూ ఒకే దిక్కుకు సాగుతుంది, బురదలోంచి ఇస్త్రీలోకి. ఇస్త్రీలోంచి బురదలోకి నడిచిపోయే బట్టను అతను కళ్ళతో చూసి ఎరగడు. అది కొట్టు దాటాక జరిగే వ్యవహారం.

అందుకని మిగిలిన జట్లకు బురద అంటితే, వీళ్ళకు పట్టుకుంది. గుంటలోంచి లేచేసరికి పసుపుపచ్చ అనే రంగు ఆ మైదానంలోంచే మాయమైపోయింది. వల కింద పాకితే అడుగున ఉన్న మట్టి కూడా వీళ్ళతోనే పైకి లేచింది. అంబులెన్సు డ్రైవరు వీపుకు గడ్డిపరకలూ, చితికిన ఆకులూ, ఎవరిదో ఊడిపోయిన మేజోడూ అతుక్కుని వచ్చాయి. వెనక జట్టువాళ్ళకు దారి శుభ్రమైపోయి సులువుగా పరుగెత్తారని తరవాత చెప్పుకున్నారు.

కత్తిమడతాయన తాడుకు ఇవతల, సంచి ఎగరేసుకుంటూ పక్కపక్కనే పరుగెత్తాడు. మిగతావాళ్ళు తమవాళ్ళను చూసి "పద పద! ఇంకొంచెమే!" అని అరుస్తున్నారు. ఇతను "మోచేతులు పైకెత్తు! మోచేతుల దగ్గర పడితే పోదు!" అని అరుస్తున్నాడు. ఎవరికి చెబుతున్నాడో అతనికే తెలియదు. గోడ దగ్గరికొచ్చేసరికి గోడ మీద వేలాడేవాళ్ళందరూ ఒక్క రంగులో ఉన్నారు. అయినా అతను కంగారుపడలేదు. చివర్న పోల్చుకోవచ్చులే అని ధైర్యంగా చివరి గుంట దగ్గరికి పోయి, అందరికన్నా ముందు వరసలో, చేతుల మీద తువ్వాలు పరుచుకుని నిలబడ్డాడు. ఈసారి ఎవరూ వేలెత్తి చూపలేరు.

కొందరు కుర్రాళ్ళు గుంట దాటి వెళ్ళిపోయారు. తరవాత ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు వెనకా ముందుగా పైకి వచ్చారు. ముందు వచ్చిన మనిషి నర్సమ్మ ఎత్తే ఉంది, ఆవిడ ఒడ్డూ పొడుగే. చేతి మీద మడతలాంటిది కూడా ఏదో ఉంది. అతను ఒక్క ఉదుటున పోయి ఆవిడ ముఖం తువ్వాల్లోకి తీసుకున్నాడు.

"వచ్చాను, చూశావా? అందరికన్నా ముందే వచ్చాను. హోటలు దుప్పట్లు కూడా వదిలేసి వచ్చాను. నీ సన్మానం రోజున రాలేకపోయానని నాకు మాత్రం బాధగా లేదనుకున్నావా? తాళం వేసిన తలుపు ముందు ఎంతసేపు నిలబడ్డానో నీకు తెలీదు. ఇంక పిలవననకు. అలా అనకు," అంటూ నుదుటి మీంచి చెంపలమీదికి, చెంపల మీంచి గడ్డం కిందికి, ఎంత సుతారంగా తుడిచాడంటే పట్టుబట్టకు కూడా అంత మర్యాద చేసి ఉండడు.

తువ్వాలు తీశాడు. లోపల్నుంచి ఎన్నడూ చూడని ముఖం ఒకటి బయటపడింది.

"చాలా మంచివారండీ మీరు," అంది ఆవిడ. "చెవుల వెనక కూడా కాస్త తుడవండి."

ఏం చేస్తాడు? తుడిచాడు. మొదలుపెట్టిన పని సగంలో వదిలే అలవాటు అతనికి లేదు. ఆవిడ పక్కకు తప్పుకోగానే ఇంకో మట్టిబొమ్మ వచ్చి ముఖం చాపింది. ఇదైనా నర్సమ్మేమోనని ఆశగా తుడిస్తే మీసాలు తేలాయి. అతని వెనక ఇంకొకరు, ఆ వెనక మరొకరు. పందెం నడిపేవాళ్ళే ఈ ఏర్పాటు చేశారనుకున్నారందరూ. తెల్లబట్టలు, తెల్ల తువ్వాళ్ళు, ఆ పనితనం చూస్తే ఎవరైనా అదే అనుకుంటారు. చివరికి మైకులో కూడా చెప్పారు, "ముఖం తుడిపించుకునేవారు కుడివైపు వరసలో రండి" అని.

వరస అన్న మాట చెవిన పడిందంటే కత్తిమడతాయన ఇంక మనిషి కాడు. వరసలో నిలబడ్డవాణ్ణి వెనక్కి పంపడం అతని వల్ల అయ్యే పని కాదు. భార్య రాకపోతుందా, వచ్చినప్పుడు ఆవిడా ఇదే వరసలో వస్తుంది కదా అని సర్దిచెప్పుకుని, ఒకరి తరవాత ఒకరిని తుడుస్తూ పోయాడు. తువ్వాళ్ళు ఒక్కొక్కటే నల్లబడి సంచి పక్కన గుట్టపడ్డాయి. మధ్యలో చెప్పడం మానలేదు కూడా: "అటు తిరగండి. కళ్ళు మూసుకోండి. తరవాతెవరు?"

కాసేపటికి ఒక మట్టిముఖం లోపల్నుంచి అంబులెన్సు డ్రైవరు బయటపడ్డాడు.

"బావగారూ! అక్క కనబడిందా?"

"ఇంకా రాలేదయ్యా."

"రాకపోవడమేంటి? గోడ దగ్గర నేను ఇరుక్కుపోతే, నువ్వు పో అక్కా అని ముందు పంపించేశాం. ఎప్పుడో వచ్చేసింది." డ్రైవరు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాననుకుని, వరస చివరిదాకా వినబడేలా గుసగుసలాడాడు. "మీరు మొట్టమొదట ఒకావిణ్ణి తుడిచారట కదా, అక్క ఆవిడ వెనకాలే ఉందట. మీరు అన్నదంతా విందట. ఇందాక తాగేనీళ్ళ దగ్గర చెప్పింది."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పొద్దంది. ఆయనే పోల్చుకుంటారో లేదో చూస్తానంది. నేను చెప్పానని అనకండి."

వరసలో ఉన్నవాళ్ళంతా అయ్యో పాపం అన్నట్టు చూశారు. కత్తిమడతాయన చేతిలో తువ్వాలు అలాగే ఆగిపోయింది. జన్మలో మొదటిసారి ముందు వచ్చాడు. వచ్చి, కట్టుకున్న భార్య కళ్ళముందే ఇంకో మనిషి ముఖం తుడిచి, ఆవిడకు చెప్పాల్సిన మాటలన్నీ ఆ పరాయి మనిషికి చెప్పి, పైగా చెవుల వెనక కూడా శుభ్రం చేశాడు. ఇంతకన్నా రాకపోవడమే నయం.

చుట్టూ చూశాడు. మైదానం నిండా మనుషులు. కూర్చున్నవాళ్ళు, నిలబడ్డవాళ్ళు, ఫొటోలు దిగేవాళ్ళు, అందరిదీ ఒకే రంగు. అలవాటుకొద్దీ కాలర్లు వెతికాడు, కుట్లు వెతికాడు, పొట్టి చేతుల మీద తాను తీర్చిన మడతలు వెతికాడు. గంజి తన పని చక్కగా చేసింది, ఆనవాలన్నది లేకుండా కప్పేసింది. పోనీ ముఖం చూసి పోల్చుకుందామా అంటే, ఆ క్షణంలో అతనికి ఒక సంగతి తెలిసొచ్చింది. భార్య యూనిఫాం మీద అయొడిన్ మరక ఏ జేబు పక్కన ఉందో చెప్పగలడు. ఆవిడ పుట్టుమచ్చ ఏ చెంప మీద ఉందో, అసలు ఉందో లేదో చెప్పలేడు. ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉండి తాను చూసిందేమిటి, బట్టలేనా అనుకున్నాడు.

"కొంచెం త్వరగా కానివ్వండి," అన్నాడు ఎదురుగా సగం ముఖం తుడిపించుకున్న పెద్దమనిషి.

చేతిలో ఉన్నది ఆఖరి తువ్వాలు. అతను తుడవబోతూ, కొట్టులో పని చేసుకుంటూ ఎప్పుడూ చూసేటట్టే, ఓరగా ఒక్కసారి అటువైపు చూశాడు. మైకు కట్టిన స్తంభం పక్కన ఎవరో నిలబడి ఉన్నారు. కుడిచెయ్యి వీపు వెనకనుంచి పోనిచ్చి ఎడమ మోచెయ్యి పట్టుకుని ఉంది. బరువంతా ఒక కాలి మీద వేసింది. ముఖం ఇటు కాదు, రోడ్డువైపు తిప్పుకుని ఉంది.

నెత్తినుంచి పాదాల దాకా మట్టి. ముక్కూ లేదు, కళ్ళూ లేవు, బట్టా లేదు. అయినా అతనికి రవ్వంత అనుమానం కలగలేదు. ఇన్ని సాయంత్రాలు ఇస్త్రీపెట్టె మీంచి ఓరకంట చూసిన మనిషి అది.

తువ్వాలు పెద్దమనిషి చేతిలో పెట్టేశాడు.

"ఏమండీ, ఇంకా సగం ఉంది!"

"కొట్టు కట్టేశాం," అన్నాడు కత్తిమడతాయన.

"వరసలో ఇంతమందిమి ఉన్నాం..."

"ఇవాళ్టికి కట్టేశామండీ. మీరే తుడుచుకోండి."

ఈ మాట అతని నోట రావడం పేటవాళ్ళెవరూ వినలేదు, వినుంటే గడియారాలు సరిచూసుకునేవాళ్ళు. అతను సంచి అక్కడే వదిలి, తెల్లబూట్లతో బురదలోంచే అడ్డంగా నడిచి, స్తంభం దగ్గరికి పోయి ఆవిడ ఎదురుగా నిలబడ్డాడు.

"పోదామా?" అన్నాడు.

నర్సమ్మ ముఖం ఇటు తిప్పింది. మట్టి మధ్యలో కళ్ళు రెండూ తెరుచుకున్నాయి.

"దేన్నిబట్టి పోల్చుకున్నారు?"

నీ కళ్ళను బట్టి అని ఒక అబద్ధం నోటిదాకా వచ్చింది. మంచి అబద్ధమే, ఏ భార్య అయినా సంతోషిస్తుంది. కానీ కళ్ళు ఆవిడ ఇప్పుడే తెరిచింది.

"నిలబడ్డ తీరును బట్టి. కొట్టు ఎదురుగా స్తంభం దగ్గర నువ్వు రోజూ ఇలాగే నిలబడతావు."

"చూసేవారన్నమాట."

"చూసేవాణ్ణి."

"చూసి?"

కత్తిమడతాయన తల దించుకున్నాడు. ప్యాంటు మడత మీద బురద చింది ఉంది. దాన్ని తుడవాలని కూడా అనిపించలేదు.

"చూసి, ఇంకో చొక్కా తీసేవాణ్ణి."

దూరంగా సూదీ వంటావిడా ఇటే చూస్తూ, చూడనట్టు ఒకరి జుట్టులో మట్టి ఒకరు దులుపుకుంటున్నారు. అతను తువ్వాలు కోసం చేతులు తడుముకున్నాడు. ఒక్కటీ మిగల్లేదు. ఊళ్ళోవాళ్ళందరినీ తుడిచి ఇంటిమనిషి దగ్గరికి ఉత్తచేతులతో వచ్చాడు. ఎప్పుడూ చేసే పనే. అది గుర్తొచ్చి అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

తెల్లచొక్కా అంచు ప్యాంటులోంచి ఒక్క గుంజు గుంజి, దానితో ఆవిడ ముఖం తుడవడం మొదలుపెట్టాడు. అతను పొట్టి మనిషి కాదు కాబట్టి బాగా వంగాల్సి వచ్చింది.

"ఇస్త్రీ చొక్కా," అంది నర్సమ్మ బట్ట లోపల్నుంచి.

"తెలుసు."

"ఎర్రమట్టి. పోదు."

"పోకపోతే మానె. కదలకు."

ఈసారి అతను తొందరపడలేదు. నుదురు బయటపడింది, కనుబొమలు బయటపడ్డాయి, ముక్కు పక్కన చిన్న గాటు ఒకటి బయటపడింది. అది ఎప్పటిదో అతనికి తెలియదు. పుట్టుమచ్చ ఎడమ చెంప మీద ఉంది. దాని చుట్టూ కాస్త ఎక్కువసేపే తుడిచాడు.

ఇంటికి పోయే బస్సులో కండక్టరు వాళ్ళిద్దరినీ చూసి సీటు మీద పాత పేపర్లు పరిపించాడు. కత్తిమడతాయన చొక్కా ముందుభాగమంతా మట్టి, ఆ మట్టిలో ఒక ముఖం అచ్చు. ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ వింతగా చూశారు. "ఎడమజేబు సిరా" కూడా అదే బస్సు ఎక్కాడు గానీ ఇతన్ని పోల్చుకోలేక పక్కనుంచే వెళ్ళిపోయాడు. నర్సమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. పందెం గురించి మాట్లాడలేదు, గంజి గురించి అసలే మాట్లాడలేదు. పిలుస్తుందో పిలవదో అతనికి తెలియదు, అడిగే ధైర్యమూ లేదు. పేటలోకి తిరిగే మలుపు దగ్గర ఆవిడ అటే చూస్తూ అంది:

"వచ్చే నెలలో మా పెద్ద నర్సుగారు రిటైరవుతున్నారు. సాయంత్రం ఆరింటికి, ఆసుపత్రి హాల్లో. మాట్లాడమని నన్నడిగారు."

కత్తిమడతాయన ఊపిరి పీల్చుకున్నాడు.

"అయిదింటికే వచ్చేస్తాను."

"అయిదింటికా? అప్పటికి తలుపులు కూడా తియ్యరు. అంత ముందొచ్చి ఏం చేస్తారు?"

"బయట నిలబడతాను," అన్నాడు.